పద్యం ముందు, ప్రతిపదార్థం తరువాత

మన పిల్లలకు పద్యం నేర్పే పద్ధతిలో ఒక వరుస స్థిరపడిపోయింది. పద్యాన్ని ఒకసారి చదివిస్తాం. వెంటనే సంధులు విడదీస్తాం, ప్రతిపదార్థం చెబుతాం, తాత్పర్యం రాయిస్తాం, చివరకు నీతి ఏమిటని అడుగుతాం. బడిలోనూ బయటా తెలుగు వినిపించని దేశంలో పెరిగే పిల్లలకు అర్థం చెప్పడం అవసరమే. కాని ఈ వరుసలో పద్యాన్ని ఆస్వాదించే ఘట్టం ఎక్కడుందని వెతికితే కనబడదు. అందరికీ తెలిసిన పోతన భాగవతంలోని గజేంద్రమోక్షాన్నే తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

మొసలి నోట చిక్కిన ఏనుగు మొర విని విష్ణువు బయలుదేరే పద్యం అష్టమస్కంధంలో ఉంది. దాని తాత్పర్యం ఏ పిల్లవాడైనా ఒక్క వాక్యంలో చెప్పగలడు: ఏనుగును కాపాడడానికి హరి తొందరగా వెళ్ళాడు. ఆ జవాబుకు పూర్తి మార్కులు వేయవచ్చు. అయినా పద్యంలో ఉన్నది ఆ జవాబులో లేదు. పోతన ఇక్కడ తొందర అన్న మాటే వాడలేదు. స్వామి ఏమేమి చేయలేదో వరుసగా చెప్పాడు. లక్ష్మికి చెప్పలేదు. శంఖచక్రాలు చేత పట్టలేదు. పరివారాన్ని పిలువలేదు. గరుత్మంతుణ్ణి సిద్ధపరచలేదు. చెవులమీదికి జారిన జుట్టు సవరించుకోలేదు. ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మీదేవి పైటకొంగునైనా వదలలేదు. ఈ ఆరు ‘లేదు’లు దాటిన తరువాత గాని కారణం తెలియదు. ఏనుగు ప్రాణం నిలపాలన్న ఆరాటం పద్యం చిట్టచివర వస్తుంది. అంతవరకు వినేవాడు కూడా స్వామి వెనుక పరుగెత్తవలసిందే.

గొంతెత్తి చదివితే మరొకటి తెలుస్తుంది. మొదటి మూడు పాదాల చివర పలుకు ముగియదు. సగంలో ఉండగానే తరువాతి పాదంలోకి దూకుతుంది. ఊపిరి తీసుకుందామంటే చోటు దొరకదు. స్వామి పడిన తొందర చదివేవారి గొంతులోకి వచ్చి చేరుతుంది. పదాలన్నీ అర్థం కాని పిల్లలకూ ఇది అందుతుంది. అదే పద్యాన్ని ముక్కలు చేసి పట్టికలో పేర్చి చూస్తే అర్థాలన్నీ ఉంటాయి, పరుగు మాత్రం ఉండదు.

ఈ పద్యం గురించి పెద్దలు చెప్పే కథ ఒకటి ఉంది. దాన్ని చరిత్రగా కాక కథగానే తీసుకుందాం. ఆయుధం లేకుండా వెళ్ళి ఆ స్వామి ఏం చేద్దామనుకున్నాడని శ్రీనాథుడు పరిహసించాడట. పోతన అప్పటికి ఊరుకున్నాడు. తరువాత నూతిలో ఒక రాయి పడవేసి, శ్రీనాథుని బిడ్డ పడిపోయాడని కేక వేశాడు. శ్రీనాథుడు ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చాడు. తాడూ నిచ్చెనా లేకుండా ఏం చేద్దామని వచ్చావని పోతన అడిగాడట.

శ్రీనాథుని ప్రశ్నలో తప్పు లేదు. శ్రద్ధగా విన్నవాడికే అటువంటి ప్రశ్న పుడుతుంది. కాని పోతన దానికి వ్యాఖ్యానంతో జవాబు చెప్పలేదు. తర్కంతో అడిగినవాణ్ణి ఒక్క క్షణం ఆ పద్యంలో నిలబెట్టాడు. మంచి ఉపాధ్యాయుడు చేయవలసిన పని కూడా అదే.

అర్థం అక్కరలేదని దీని భావం కాదు. తిరుపతి వేంకట కవుల నాటకాలు ఆడిన పల్లెల్లో పద్యం పద్యానికీ ‘వన్స్ మోర్’ అని కేకలు వేసిన ప్రేక్షకులలో చదువురానివారు ఎందరో ఉన్నారు. గణవిభజన వారికి తెలియదు. కాని కృష్ణరాయబారంలో ఏ మాట ఎవరికి తగిలిందో తెలుసు. కథ తెలుసు, సందర్భం తెలుసు, పద్యం మళ్ళీ మళ్ళీ చెవిన పడింది. మన పిల్లలకు ముందుగా అందించవలసినవి ఈ మూడే.

అంతరార్థం విషయమూ ఇంతే. ఏనుగు జీవుడు, మొసలి సంసారబంధం అన్న వ్యాఖ్యానానికి మన సంప్రదాయంలో గౌరవం ఉంది. కాని మొదటి రోజే అది చెబితే ఏనుగు మాయమై ఒక సిద్ధాంతం మిగులుతుంది. మొసలి రాకముందు పోతన ఎన్నో పద్యాలలో ఏనుగుల గుంపును అడవిలో తిప్పాడు, మడుగులో దింపి ఆడించాడు. ఆ ఏనుగుతో పాటు నీళ్ళలోకి దిగనివారికి మొసలి పట్టు ఎంత గట్టిదో తెలియదు. ఆ పట్టు తెలియనివారికి సంసారబంధం వట్టి మాటగానే ఉండిపోతుంది.

విశ్లేషణకూ వేళ వస్తుంది. స్వామి బయలుదేరే ఆ పద్యం మత్తేభవిక్రీడితం. పాదానికి 20 అక్షరాలు, 14వ అక్షరం యతిస్థానం. ముందే చెబితే ఇది లెక్కల పాఠం. పద్యం నోటికి వచ్చిన పిల్లవాడికి మత్తేభమంటే మదపుటేనుగని చెప్పి చూడండి. ఏనుగును కాపాడే పద్యం ఏనుగు పేరున్న వృత్తంలోనే నడిచిందని తెలిస్తే వాడే వేళ్ళు మడిచి అక్షరాలు లెక్కపెడతాడు. పోతన ఈ వృత్తాన్ని చాలాచోట్ల వాడాడు కనుక ఇందులో రహస్యం వెతకనక్కరలేదు. ఆ పోలికను చూసి సంతోషిస్తే చాలు.

రసానుభవాన్ని మన ఆలంకారికులు చర్వణ అన్నారు. అంటే నమలడం. నమలకముందే రుచి వివరించబోతే వినేవారికి ఆకలి పోతుంది. ఇంట్లో ఒక పద్యాన్ని వారం రోజులు ఉండనివ్వండి. కథ చెప్పండి, మీరు చదవండి, పిల్లల చేత చదివించండి. తప్పు పలికితే మరొకసారి మీరే చదివి వినిపించండి. అర్థం వారే అడిగేదాకా ఓపిక పట్టండి. అడిగిన రోజున మాత్రం ఏదీ దాచకుండా చెప్పండి.