రుబీడియం దీపానికి ఆయుష్షెంత?

పాత టెలికాం సామాను అమ్మేవాళ్ల దగ్గర రుబీడియం ఫ్రీక్వెన్సీ స్టాండర్డ్ (అంటే రుబీడియం పరమాణు గడియారం) కనబడితే తయారీ తారీఖు చూడను, లాంప్ వోల్టేజి చూస్తాను. 24 వోల్టులు ఇవ్వగానే కరెంటు గట్టిగా లాగుతుంది, లోపల హీటర్లు వేడెక్కాలి కదా. కొన్ని నిమిషాలకు లాగుడు తగ్గి లాక్ అవుతుంది. అప్పుడు మీటరు పెడతాను. లాంప్ వోల్టేజి బాగా జారిపోయి ఉంటే బేరమే ఆడను.

రుబీడియం-87 అర్ధాయువు దాదాపు 4,900 కోట్ల ఏళ్లు. అది ముసలయ్యే రకం కాదు. ముసలయ్యేది దాన్ని వెలిగించే బొటనవేలంత గాజు బుడ్డి. ఏళ్ల తరబడి వేడికి లోపలి లోహం గాజులోకే ఇంకుతుంది, వెలుగు మందగిస్తుంది. పక్కనున్న కెపాసిటర్లూ ఎండిపోతాయి. అందుకే వేడిని లాగేసే మందపాటి అల్యూమినియం పలకకు బిగించకుండా గడియారాన్ని నడిపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలా, పనిలేనప్పుడు కట్టేయాలా అన్న తగువు మాత్రం తెగేది కాదు. నేను కట్టేసే పక్షం.

సీసియం బీమ్ ట్యూబుది ఇంకా సూటి లెక్క. 1967 నుంచి సెకనుకు కొలబద్ద సీసియమే. ట్యూబులోని కొద్ది గ్రాములు ఓవెన్‌లోంచి ఆవిరై ఒకే దారిన పోతాయి, వెనక్కి రావు. అయిపోతే ట్యూబు మార్చాలి. (28 డిగ్రీలకే కరిగే లోహం. బెజవాడ మే నెలలో ఓవెన్ వెలిగించకుండానే నీరవుతుంది.)

నేలమీద సరే, కక్ష్యలో ట్యూబు మార్చేదెవరు? 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన నావిగేషన్ ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎలో విదేశీ రుబీడియం గడియారాలు మూడు పెట్టారు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని. 2017 జనవరి నాటికి మూడూ పోయాయి. గెలీలియో ఉపగ్రహాల్లో తొమ్మిది గడియారాలు ఆగాయని ఐరోపా చెప్పిందీ ఆ నెలలోనే. ఒక నానోసెకను తప్పితే దూరం లెక్క 30 సెంటీమీటర్లు తప్పుతుంది. గడియారం లేని నావిగేషన్ ఉపగ్రహం దారి చూపలేదు. 1ఎకు బదులుగా పంపిన 1హెచ్‌కు 2017 ఆగస్టులో హీట్ షీల్డే ఊడలేదు. 2018 ఏప్రిల్‌లో వెళ్లిన 1ఐ కక్ష్యకు చేరింది.

ఒకే నమూనాలో తయారైన మూడింటిని నేను మూడుగా లెక్కపెట్టను. ఒకదానికి పుట్టుకతో లోపముంటే మిగతా రెంటికీ ఉండే అవకాశమే ఎక్కువ.

2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో అహ్మదాబాద్‌లో రూపొందించిన మన రుబీడియం గడియారం ఉంది. ఆ ఉపగ్రహానికి అనుకున్న ఆయుష్షు 12 ఏళ్లు. దీపం అంతకాలం నిలిచిందా లేదా అన్నది 2035లో తేలాలి.