ఆటయంత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

"కన్సోల్ కొంటే గొడవే లేదు. టీవీకి తగిలించడం, ఆడుకోవడం. కంప్యూటర్‌లో ఆటలంటే రోజుకో తంటా." వీడియో గేములు ఆడేవాళ్లు నలుగురు కలిసినచోట ఈ మాట మీరు వినే ఉంటారు. డబ్బు పెట్టేముందు ఇంట్లో పెద్దలు అడిగే ప్రశ్న కూడా ఇదే. రెండింటిలో ఏది ఎక్కువ కాలం నమ్మకంగా పనిచేస్తుంది?

పై మాటలో నిజం లేకపోలేదు. అయితే ఇందులో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. ఆట సరిగా నడవడం ఒకటి, యంత్రం చెడకుండా ఉండడం మరొకటి. మొదటి విషయంలో కన్సోల్‌దే పైచేయి అని ఒప్పుకోవచ్చు. రెండో విషయంలో మాత్రం గత నలభై ఏళ్ల చరిత్ర అందుకు సాక్ష్యం చెప్పదు.

ముందు మొదటి విషయం చూద్దాం. ఒక కన్సోల్ నమూనా లక్షల సంఖ్యలో తయారైనా లోపలి భాగాలు అన్నిటిలోనూ దాదాపు ఒకటే. ఆట తయారుచేసేవారు రెండు మూడు నమూనాల మీద పరీక్షిస్తే సరిపోతుంది. కంప్యూటర్ల సంగతి అలా కాదు. పది రకాల ప్రాసెసర్లు, పది రకాల గ్రాఫిక్స్ కార్డులు, ఐదు రకాల మెమరీ అమరికలు, నాలుగు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయనుకోండి. గుణిస్తే 2,000 కలయికలు! ఇందులో డ్రైవర్ల లెక్క ఇంకా చేర్చనే లేదు. వీటన్నిటినీ ఎవరు పరీక్షించగలరు? 2015 జూన్‌లో 'బ్యాట్‌మన్: ఆర్ఖామ్ నైట్' ఆట విడుదలైనప్పుడు కన్సోళ్ల మీద బాగానే నడిచింది. కంప్యూటర్ల మీద ఎంతగా మొరాయించిందంటే, ప్రచురణకర్తలు కొద్ది రోజులకే ఆ ప్రతి అమ్మకాన్ని ఆపేసి, మళ్లీ అక్టోబరులో విడుదల చేయవలసి వచ్చింది.

అలాగని కన్సోల్ పెట్టె మీద పేరు ముద్రించినంత మాత్రాన ఆట నడిచితీరుతుందనీ కాదు. 2020 డిసెంబరులో వచ్చిన 'సైబర్‌పంక్ 2077' అప్పటికే ఏడేళ్ల వయసున్న ప్లేస్టేషన్ 4 మీద ఘోరంగా నడిచింది. సోనీ సంస్థ దాన్ని తన దుకాణం నుంచి తొలగించి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వజూపింది. శక్తిమంతమైన కంప్యూటర్లున్నవారు మాత్రం అదే ఆటను మెరుగ్గా ఆడుకున్నారు. ఇక్కడ కథ తలకిందులైంది, గమనించారా?

ఇక యంత్రం చెడిపోవడం గురించి. ఇక్కడ మీ భౌతికశాస్త్ర పాఠం అక్కరకు వస్తుంది.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం ఎప్పుడైనా చూశారా? పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కిస్తారు. చల్లారాక అది సంకోచించి చెక్కను గట్టిగా పట్టేస్తుంది. కమ్మరికి మిత్రుడైన ఈ వ్యాకోచ సంకోచాలే చిప్‌కు శత్రువులు. సిలికాన్ ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షల వంతులలో సుమారు 2.6 వంతులు పెరుగుతుంది. దాని కింద ఉండే పలక సుమారు 16 వంతులు పెరుగుతుంది. ఒక పక్క 15 మిల్లీమీటర్లున్న చిప్ 60 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. సిలికాన్ 2.3 మైక్రాన్లు పెరిగితే పలక 14.4 మైక్రాన్లు పెరుగుతుంది. తేడా 12 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతే గనుక ఇది లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ ఈ రెండింటినీ కలిపి పట్టుకున్నవి అతి చిన్న సోల్డర్ బొట్లు. యంత్రం వేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఆ బొట్లు అటూ ఇటూ లాగబడతాయి. సన్నటి తీగను వంచుతూ పోండి. మొదటిసారి విరగదు, ఇరవయ్యోసారో ముప్ఫయ్యోసారో పుటుక్కుమంటుంది. లోహాలకూ అలసట ఉంటుంది మరి!

2005లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్‌కు జరిగింది ఇదే. ముందు భాగంలో మూడు ఎర్ర దీపాలు వెలిగాయంటే యంత్రం పని అయిపోయినట్టే. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 2007 జులైలో ఆ సంస్థ ఈ లోపానికి హామీని మూడేళ్లకు పెంచింది. అందుకోసం పక్కన పెట్టిన సొమ్ము వంద కోట్ల డాలర్లకు పైమాటే. వేడెక్కి చల్లారే ఒత్తిడికి చిప్‌ల లోపలి అతుకులు తెగిపోయాయని 2021లో ఆ సంస్థ ఇంజనీర్లే ఒక చిత్రంలో చెప్పారు. చచ్చిన యంత్రాన్ని తుండుగుడ్డలో చుట్టి ఆన్ చేస్తే మళ్లీ బతుకుతుందని అప్పట్లో ఒక చిట్కా ప్రచారంలో ఉండేది. కొన్నిసార్లు అది 'పనిచేసింది' కూడా! వేడికి భాగాలు ఉబ్బి, తెగిన అతుకు తాత్కాలికంగా తగులుకునేది. అది వైద్యం కాదు, చితికి దగ్గర దారి.

ఈ రోగం కన్సోళ్లకు మాత్రమే వచ్చిందా అంటే, లేదు. 2008లో ఎన్విడియా సంస్థ తన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌ల ప్యాకేజీలో బలహీనమైన పదార్థం వల్ల వచ్చిన నష్టానికి 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. భౌతికశాస్త్ర సూత్రాలు పెట్టె మీది పేరు చదవవు కదా!

కొన్నిసార్లు తప్పు పదార్థంలో కాక, రూపకల్పనలోనే ఉంటుంది. మన ఊళ్లలో 1990లలో టీవీ గేములు ఆడినవాళ్లను అడగండి. మీ అన్నలో, బాబాయిలో అయి ఉంటారు. ఆట రాకపోతే క్యాట్రిడ్జ్ తీసి, ఉఫ్ మని ఊది మళ్లీ పెట్టేవాళ్లం అంటారు. అవి చాలావరకు జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌కు నకళ్లు. అదే యంత్రాన్ని 1985లో అమెరికాకు తీసుకువెళ్లినప్పుడు, వీసీఆర్‌లా కనిపించాలని క్యాట్రిడ్జ్‌ను ముందు నుంచి దోపి కిందికి నొక్కే ఏర్పాటు చేశారు. వాడేకొద్దీ లోపలి పిన్నులు వదులయ్యేవి. దానికి తోడు అనుమతి లేని క్యాట్రిడ్జ్‌లను అడ్డుకోవడానికి ఒక తాళం చిప్‌ను పెట్టారు. పిన్ను సరిగా తగలక ఆ చిప్‌కు జవాబు అందకపోతే అది యంత్రాన్ని సెకనుకోసారి రీసెట్ చేసేది. ఎర్ర దీపం మిణుకుమిణుకుమనేది. అంటే ఆటగాడికి ఏమాత్రం అక్కరలేని ఒక కాపలాదారు, దొంగతో పాటు ఇంటి యజమానినీ బయటికి నెట్టాడన్నమాట! 1993లో పైనుంచి క్యాట్రిడ్జ్ పెట్టే కొత్త నమూనాలో ఆ చిప్ లేదు. ఊదడం విషయానికొస్తే, ప్రయోజనం ఊదినందువల్ల కాదు, తీసి మళ్లీ పెట్టినందువల్ల వచ్చేది. ఊపిరిలోని తేమ పిన్నులకు చేటు చేస్తుంది.

కన్సోళ్ల బలం అవన్నీ ఒకేలా ఉండడం అన్నాం కదా. అదే వాటి బలహీనత కూడా. 2010 మార్చి 1న, అమెరికాలో ఇంకా ఫిబ్రవరి 28 ఉండగానే, పాత నమూనా ప్లేస్టేషన్ 3 యంత్రాలు ప్రపంచవ్యాప్తంగా ఒక్కసారిగా తడబడ్డాయి. లోపలి గడియారం 2010ని లీపు సంవత్సరంగా లెక్కగట్టింది! నెట్‌వర్క్‌లోకి వెళ్లనివ్వలేదు, కొన్ని ఆటలను తెరవనివ్వలేదు. సుమారు 24 గంటలకు దానంతటదే సర్దుకుంది. కంప్యూటర్ల లోకంలో ఎవరి తంటా వారిది. ఇక్కడ మాత్రం అందరికీ ఒకే రోజు, ఒకే జబ్బు. ఒకే రకం విత్తనం వేసిన ఊళ్లో తెగులు సోకితే ఏ పొలమూ మిగలదని రైతుకు వేరే చెప్పాలా?

కంప్యూటర్ పక్షం వహించేవారు సంబరపడే ముందు 2024 నాటి ఉదంతం కూడా వినాలి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న ఖరీదైన కంప్యూటర్లలో ఆటలు మధ్యలో ఆగిపోసాగాయి. చాలాసార్లు తెర మీద కనిపించిన సందేశం 'వీడియో మెమరీ చాలలేదు' అని. పాపం, జనం గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. అసలు దోషి ప్రాసెసర్. అవసరానికి మించిన వోల్టేజి అందడం వల్ల దాని లోపలి సర్క్యూటు క్రమంగా దెబ్బతింటోంది. ఆగస్టులో సవరణ వచ్చింది, హామీ మరో రెండేళ్లు పెరిగింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. కంప్యూటర్‌తో అసలు చిక్కు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. భాగాలు పదిమంది తయారుచేస్తారు, చెడినప్పుడు ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటారు. రోగ నిర్ధారణ మీ నెత్తిన పడుతుంది.

అయితే నిర్ధారణ జరిగాక పరిస్థితి మారుతుంది. ఒక యంత్రంలో ఆరు ముఖ్య భాగాలున్నాయనీ, ఒక్కొక్కటి ఏడాది పాటు చెడకుండా ఉండే సంభావ్యత 0.98 అనీ అనుకుందాం. ఆరూ బాగుండే సంభావ్యత 0.98ని ఆరుసార్లు గుణిస్తే వచ్చే 0.886. అంటే నూటికి 11 యంత్రాలు ఏడాదిలో ఏదో ఒకచోట చెడతాయి. కన్సోల్‌కైనా కంప్యూటర్‌కైనా లెక్క ఇదే. డెస్క్‌టాప్‌లో మెమరీ పోతే మెమరీ, పవర్ సప్లై పోతే పవర్ సప్లై మార్చుకుంటారు. కన్సోల్‌లో ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ అన్నీ ఒకే బోర్డు మీద అతికి ఉంటాయి. ప్లేస్టేషన్ 3, 4లలో హార్డ్‌డిస్క్‌ను మనమే మార్చుకునే వీలు ఉండడం మంచి మినహాయింపు. పలుచగా ఉండాలన్న మోజుతో మెమరీని కూడా బోర్డుకే అతికించేస్తున్న ల్యాప్‌టాప్‌లు ఈ విషయంలో కన్సోల్ కంటే మెరుగేమీ కాదు. వాటిని కంప్యూటర్ల జాబితాలో వేసి మురిసిపోకండి.

మన వాతావరణం సంగతి చెప్పకపోతే ఈ పోలిక అసంపూర్ణం. ప్లేస్టేషన్ 5 పనిచేయవలసిన ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని తయారీదారులే పేర్కొన్నారు. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 35 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? ఫ్యాను చిప్‌ను చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబరచలేదు. గదికీ చిప్‌కూ మధ్య 45 డిగ్రీల తేడా ఉంచగలదనుకుంటే, 25 డిగ్రీల గదిలో చిప్ 70 దగ్గర ఉంటుంది. 42 డిగ్రీల గదిలో 87కు చేరుతుంది. ఇక కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ సోల్డర్ బొట్లకు ఒక వంపు. డెస్క్‌టాప్‌కైతే పక్క మూత తీసి దుమ్ము దులపవచ్చు, మరో ఫ్యాను బిగించవచ్చు. టీవీ కింద గాజు తలుపుల అరలో పెట్టిన కన్సోల్ తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది.

మీ ఇంట్లో రెండింటిలో ఏది ఉన్నా ఒక చిన్న పరీక్ష చేయండి. గది ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరును యంత్రం గాలి పీల్చుకునే రంధ్రాల దగ్గర ఉంచి, ఆట మొదలుపెట్టిన అరగంటకు ఎంత చూపిస్తోందో రాసుకోండి. తరువాత యంత్రాన్ని అర నుంచి తీసి బల్ల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టి, అదే ఆటను మళ్లీ అరగంట ఆడి చూడండి. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఇంట్లో చూపించండి. యంత్రం ఎక్కడ ఉండాలో వాళ్లే చెబుతారు.