పరిశోధనలలో లెక్కకు రానివారు

శాస్త్రము కొలతతో ప్రారంభమగునని విద్యార్థులకు మొదటి పాఠముననే చెప్పుదుము. ప్రయోగశాలలో బల్లమీది ఇనుపగుండు కొలుచువానికి కనబడకుండ దాగదు. మనుష్యుల సంగతి అట్లు కాదు. కొందరు కొలతకు అందుదురు, మరికొందరు అందరు. అందనివా రెవరు, ఎందుచేత అందలేదు అను ప్రశ్న వేయకుండ ప్రకటించిన అంకె ఎంత పెద్దదైనను నమ్మదగినది కాదు. కంటిశుక్లపు శస్త్రచికిత్సల ఫలితములను గూర్చియు, 2020 లాక్‌డౌన్ నాటి గృహహింసను గూర్చియు జరిగిన పరిశోధనలను ఈ దృష్టితో పరిశీలింతము. ఈ రెంటికిని పొత్తేమని పాఠకులు అడుగవచ్చును. రెంటిలోను చిక్కు ఒక్కటే. విరుగుడు మాత్రము వేరు.

మన దేశమున అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమము 1976లో ఆరంభమైనది. చాలకాలము దాని విజయమునకు కొలబద్ద శస్త్రచికిత్సల సంఖ్యయే. ఆ సంఖ్య వైద్యులు పడిన శ్రమను తెలుపునుగాని, రోగికి చూపు వచ్చినదా లేదా అను విషయమును తెలుపదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1998లో ఒక ప్రమాణమును సూచించినది. శస్త్రచికిత్స జరిగిన కండ్లలో నూటికి 80కి తక్కువ కాకుండ, రోగివద్ద నున్న అద్దములతోనే, 6/18 లేక అంతకంటె మెరుగైన చూపు రావలెను. 6/60 కంటె తక్కువ చూపు గలవి నూటికి 5కు మించరాదు. 6/18 అనగా, మంచి చూపు గలవాడు 18 మీటర్ల దూరమునుండి చదువగల అక్షరమును ఇతడు 6 మీటర్లనుండి చదువగలడని అర్థము.

ఈ ప్రమాణము నెరవేరినదా యని ఆసుపత్రి పుస్తకములలో వెదకిన లాభము లేదు. 1996–2000 సంవత్సరములలో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వే యొక్క గొప్పతన మిచ్చటనే యున్నది. హైదరాబాదు నగరము, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలనుండి వారు ఆసుపత్రికి వచ్చినవారిని గాక జనాభానుండి మనుష్యులను ఎన్నుకొని, 10,293 మందిని పరీక్షించిరి. శస్త్రచికిత్స జరిగియు చూపు సరిగా లేనివారు వారికి కనబడిరి. కారణము కొందరిలో చికిత్సలోని దోషము. మరికొందరిలో తగిన అద్దములు లేకపోవుట. ఆ రోజులలో చాలమందికి కంటిలోని కటకమును తీసివేసి, కృత్రిమ కటకము నమర్పకయే దళసరి కండ్లద్దము లిచ్చెడివారు. ఆ అద్దములు పగిలిన నాడు చూపును పోయినట్లే. ఆసుపత్రి పుస్తకములో మాత్రము ఆ కేసు విజయముగానే నిలిచియుండును.

తిరిగి పరీక్షకు రానివారి సంగతి యేమి? చూపు బాగుపడినవాడు పొలముపనిలో పడి రాకపోవచ్చును. పడనివాడు నిరాశతో రాకపోవచ్చును. ఈ సందేహమును ఊహతో గాక ప్రయోగముతో తీర్చినవారు కలరు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలోని 40 కేంద్రములలో జరిగి 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, తమంతట తాము రానివారినిగూడ వెదకి పరీక్షించిరి. వచ్చినవారి ఫలితములతో కేంద్రముయొక్క మంచిచెడ్డలను అంచనా వేసినను పెద్ద పొరపాటు రాదని తేలినది. ప్రశంసింపదగిన పని యిది. అయినను దీనికి ఒక ఎల్ల కలదు. ఇది ఆసుపత్రి గడప త్రొక్కినవారి కథయేగాని, త్రొక్కనివారి కథ కాదు. అందుచేతనే 2021లో ప్రపంచ ఆరోగ్యసభ, చికిత్స అవసరమైన వారందరిలో ఎందరికి చికిత్స జరిగి మంచి చూపు కూడ వచ్చినదో తెలుపు కొలతను లక్ష్యముగా స్వీకరించినది.

ఇక గృహహింస. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. ఏప్రిల్ నెలలో జాతీయ మహిళా కమిషన్ వాట్సాప్‌ద్వారా ఫిర్యాదుల స్వీకరణ కారంభించినది. ఇట్టి స్థితిలో ఫిర్యాదులు పెరిగిన, పెరిగినది హింసయా, చెప్పుకొను దారియా? తగ్గిన, తగ్గినది హింసయా, గొంతుకయా? సరవణ రవీంద్రన్, మనీషా షా అను అర్థశాస్త్రజ్ఞులు ఈ చిక్కును కొంత తెలివిగా దాటిరి. ఆ యేడు ఏప్రిల్ చివర ప్రభుత్వము 130 జిల్లాలను ఎరుపు మండలములుగను, 319 జిల్లాలను ఆకుపచ్చ మండలములుగను ప్రకటించినది. ఫిర్యాదు చేయు మార్గము దేశమంతటికి ఒక్కటే గనుక, ఈ రెండు రకముల జిల్లాలను పోల్చిచూచిరి. కఠిన నిర్బంధమున్న జిల్లాలలో మే నెలలో గృహహింస ఫిర్యాదులు ఎక్కువగా పెరిగినవి. అత్యాచారపు ఫిర్యాదులు తగ్గినవి. వారి పద్ధతి మెచ్చదగినది. కాని కమిషన్ వరకు చేరగలిగినది ఫోను చేతిలోనున్న స్త్రీ. ఆ ఫోను భర్త చేతిలోనున్న స్త్రీ ఆ లెక్కలో లేదు.

లండన్ పోలీసుల లెక్కలను పరిశీలించిన పరిశోధన ఈ లోపమును వెలికితెచ్చినది. లాక్‌డౌన్‌లో ప్రస్తుత భాగస్వామి జరిపిన హింసపై వచ్చిన పిలుపులు నూటికి 8 వంతున పెరిగినవి. విడిపోయినవారు జరిపిన హింసపై వచ్చినవి తగ్గినవి. అంతకంటె గమనింపదగిన దేమనగా, ఆ పెరుగుదల బాధితుల పిలుపులవలన గాక ఇతరుల పిలుపులవలన వచ్చినది. ఇండ్లు దగ్గరదగ్గరగా నున్నచోట ఇది మరింత స్పష్టము. గోడ కావలివైపు వినబడిన కేక పోలీసులకు చేరినది; కేకవేసిన మనిషి పిలుపు అంతగా చేరలేదు.

మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇల్లిల్లు తిరిగి, ఏకాంతము దొరికిననే ఈ ప్రశ్నలు వేయును. 2015–16 సర్వేలో, హింసకు గురియైన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. ఫిర్యాదుల లెక్క యెంత చిన్న కిటికీయో దీనివలన తెలియుచున్నది. తరువాతి సర్వే 2019–21లో జరిగినను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అది లాక్‌డౌన్‌కు ముందే ముగిసినది. కావున ఆ అంకెలను చూపి మన రాష్ట్రములలో లాక్‌డౌన్ హింసను పెంచినదనిగాని, పెంచలేదనిగాని వాదించుట తగదు.

భేద మిప్పుడు స్పష్టము. శుక్లము రోగి నోరు కట్టదు; రానివానిని వెదకిపోయిన దొరకును. గృహహింసలో కొలువవలసిన విషయమే కొలతకు అడ్డు నిలుచును. నిర్బంధము ఎక్కువైనకొలది బాధితురాలు ఫిర్యాదు చేయుట కష్టము కావచ్చును. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలన్నారు. ఆ గుట్టు పరిశోధనకును చేటే. ఫిర్యాదులు తగ్గినవని ఒక అధికారి రక్షణగృహమును మూసివేసినచో, ఆ పొరపాటునకు మూల్యము చెల్లించునది నోరు విప్పలేని ఆ స్త్రీయే. కనుక ఫిర్యాదుల సంఖ్య నొక్కదానినే నమ్మక, ఇరుగుపొరుగు పిలుపులను, ఆసుపత్రికి వచ్చిన గాయములను, ఏకాంతపు సర్వేలను కలిపి చూడవలెను. ఏ నివేదికలోనైన అంకె కనబడినప్పుడు పాఠకులు మొదట అడుగవలసిన ప్రశ్న, ‘ఇందులో ఎందరున్నారు?’ అని కాదు, ‘ఎవరు లేరు?’ అని.