మాట తెలుగు, చదువు తమిళం: కల్లావిలో హెచ్‌సీఐ పాఠం

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలోని కల్లావి వైపు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది బస్సు బోర్డు మొదలు బడి పుస్తకం దాకా చదివేది తమిళంలోనే. 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేశాక ఈ తరం పిల్లలకు తెలుగు అక్షరం ఇంకా దూరమైంది. ఫోను మాత్రం ఒకే ప్రశ్న అడుగుతుంది: మీ భాష ఏది? తెలుగు నొక్కితే చదవలేని అక్షరాలు వస్తాయి. తమిళం నొక్కితే అక్షరాలు తెలుస్తాయి గానీ ఇంటి మాట పోతుంది. మాట్లాడే భాష ఒకటీ చదివే లిపి ఇంకొకటీ అయిన మనుషులు ఆ తెర తయారుచేసినవాళ్ల లెక్కలో లేరు.

మనుషులు కంప్యూటర్లను ఎలా వాడతారో చూసే చదువు హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, విద్యార్థుల నోట హెచ్‌సీఐ, పుట్టింది ఇలాంటి లోటును పట్టుకోవడానికే. తొలి సెమిస్టర్‌లో నూరిపోసే సూత్రం ఒక్కటే: వాడేది నువ్వు కాదు. ఈ రంగపు పరిశోధకుడు డోనాల్డ్ నార్మన్ 1980ల్లో మనిషికీ యంత్రానికీ మధ్య ఉండే రెండు అగాధాల గురించి రాశాడు. అనుకున్న పని చేయడానికి ఏది నొక్కాలో తెలియకపోవడం మొదటిది. నొక్కాక పని అయిందో లేదో తెలియకపోవడం రెండోది. ఈ రెండూ పూడ్చిన యంత్రం మన ఎదుటే ఉంది. హైదరాబాదు ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ తయారుచేసే ఓటింగ్ యంత్రానికి రూపకల్పన చేసినవారు ఐఐటీ బొంబాయికి చెందిన ఎ.జి. రావు, రవి పూవయ్య. పేరు, గుర్తు, పక్కనే నీలం మీట. నొక్కగానే ఎర్రదీపం. వీవీప్యాట్ అద్దంలో 7 సెకన్లు కనిపించే చీటీ, ఆ పైన పొడవాటి బీప్. ఏ లిపీ చదవలేని అవ్వ కూడా తన ఓటు పడిందని రూఢి చేసుకుని బయటికి వస్తుంది. గొప్ప డిజైన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఈ చదువులో పద్ధతులు చూడటానికి సులువుగా ఉంటాయి. తెరలను ముందు కాగితం మీద గీస్తారు. వాడేవాళ్లు వేలితో చూపిస్తే విద్యార్థే కంప్యూటరై తర్వాతి కాగితం పెడతాడు. కోడు ఒక్క వరుస రాయకముందే తప్పు దొరుకుతుంది. కాగితం కాబట్టి చించి పారేయడానికి ప్రాణం ఒప్పుతుంది. మీట ఎంత పెద్దగా, ఎంత దగ్గరగా ఉంటే వేలు అంత త్వరగా చేరుతుందని మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే లెక్క కట్టాడు. అయిదుగురితో పరీక్షించినా పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని ఈ రంగపు నిపుణుడు జేకబ్ నీల్సన్ వాదించాడు.

అన్నిటికన్నా కష్టమైనది, మనసులో అనుకునేది పైకి చెబుతూ పని చేయమని అడిగి మనం నోరు మూసుకోవడం. పెద్దవాళ్లు ఫోనుతో తడబడితే "ఇట్లియ్యి అవ్వా, నేను చేస్తా" అని లాక్కోవడం మన ఇళ్లలో ప్రేమే. కానీ ఆమె ఎక్కడ ఆగింది, ఏ గుర్తును ఏమనుకుంది అన్నది ఆ క్షణంలోనే పోతుంది. డిజైనరుకు కావలసింది సరిగ్గా ఆ తడబాటే. సాయపడాలని చేయి ముందుకు పోతున్నా ఆపుకుని చూడటం నేర్పే చదువు ఇది. ఇంజనీరింగ్ కాలేజీల్లో దీన్ని ఐచ్ఛికంగా పెట్టి వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివిన రాజ్ రెడ్డి కంప్యూటరుకు మనిషి మాట అర్థమయ్యేలా చేయడానికి దశాబ్దాలు పనిచేసి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అక్షరం రానివాళ్లకూ కంప్యూటరు అందాలన్నది ఆయన పట్టుదల. కల్లావికి దారి అదే కావచ్చు: తెలుగులో వినాలి, తెలుగులో పలకాలి, తెర మీద తమిళంలో చూపాలి. అయితే ఇక్కడి తెలుగు విజయవాడ తెలుగు కాదు. తమిళం, కన్నడం కలిసిన మాట, యాస వేరు. కోస్తా గొంతులతో మాత్రమే నేర్చిన యంత్రం ఇక్కడ తడబడుతుంది.

అందుకే ప్రాజెక్టు కోసం ఊరు వెతికే విద్యార్థికి నా సలహా: రెండు భాషలకు రెండు మీటలు పెట్టిన కాగితపు తెర ఒకటి గీయండి, వినే భాషకు ఒకటి, చదివే భాషకు ఒకటి. మామిడి రైతు, బస్సు కండక్టరు, పదో తరగతి పిల్ల, రేషన్ వరుసలో నిలబడ్డ అవ్వ, హోసూరు ఫ్యాక్టరీకి వెళ్లే కుర్రాడు. ఈ అయిదుగురి ముందూ పెట్టి, మొదట ఏ మీట మీదికి వేలు పోయిందో, అప్పుడు వాళ్లు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి.