తొలిదినపు వసూలు, తుదిదినపు విలువ

కృతిని విమర్శించువారు దాని గుణదోషములను విచారించుట వాడుక గాని, దానిని అంగడికి తెచ్చిన తీరును విచారించుట వాడుక కాదు. అది వర్తకుల పనియని విమర్శకులు పక్కకు నెట్టుచు వచ్చిరి. కాని నేడు మన పిల్లల చేతులకు వచ్చుచున్న వీడియో ఆటల విషయమున ఈ భేదము నిలువదు. ఆట సిద్ధమగుటకు ఏండ్ల ముందే దాని ప్రకటన వెలువడుచున్నది. ఆటను చూడకమునుపే దాని వెల చెల్లింపబడుచున్నది. విడుదలైన దినముననే అది ఘనకార్యమని లెక్కలు చాటబడుచున్నవి. ఇట్టి వస్తువును విమర్శింపబూనినవారు వాగ్దానమును, వస్తువును, ఆ రెంటి నడుమ నున్న దూరమును గూడ కొలువవలెను. ఇందులకు ఉదాహరణముగా మేము 2004వ సంవత్సరమున అమెరికాలో విడుదలైన హేలో 2 అను ఆటను గైకొనుచున్నాము. అది పాతబడినది గనుకనే మాకు అనుకూలము. దాని తొలిదినమే గాక తుదిదినము గూడ మనకు తెలిసియున్నది.

ముందుగా పూర్వకథ కొంత చెప్పవలెను. షికాగో నగరమున 1991లో స్థాపింపబడిన బంజీ అను సంస్థను మైక్రోసాఫ్ట్ కంపెనీ 2000లో కొనెను. మరుసటి యేడు నవంబరు 15వ తేదీన ఆ కంపెనీ ఎక్స్‌బాక్స్ అను ఆటల యంత్రమును అమ్మకమునకు తెచ్చినప్పుడు, బంజీవారి హేలో దానితోపాటు వెలువడెను. మాస్టర్ చీఫ్ అను కవచధారియైన సైనికుడు, కవెనంట్ అను అన్యలోకవాసుల కూటమితో పోరుట అందలి కథ. ఆ కొత్త యంత్రమునకు ప్రతిష్ఠ తెచ్చినది ఆ యాటయే. కావున రెండవ భాగమనగానే అమ్మువానికి ఆశయు, ఆడువానికి ఆత్రమును, చేయువానికి భయమును ఒక్కసారిగా పెరిగెను.

2003వ సంవత్సరము మే నెలలో లాస్ ఏంజెలిస్ నగరమున జరిగిన ఈ3 అను ఆటల ప్రదర్శనలో బంజీవారు హేలో 2లోని ఒక ఘట్టమును చూపిరి. శత్రువులు భూమిపై దిగి ఒక నగరమును ధ్వంసము చేయుచుండగా మాస్టర్ చీఫ్ అందు ప్రవేశించుట ఆ ఘట్టము. చూచినవారు అబ్బురపడిరి. కాని అందలి వెలుగునీడల కల్పనము ఆ యంత్రము పూర్తి ఆటలో మోయగలిగినది కాదు. చేసినవారే తరువాతి కాలమున ఈ సంగతిని దాచక చెప్పిరి. ఆ చిత్రణవిధానమును విడిచి మరల మొదలిడవలసి వచ్చెను. ప్రదర్శింపబడిన ఆ ఘట్టము ఆటలో చేరనే లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత మన యిండ్లలో నవ్వుకొనుటకు చెప్పుదురు. ఇచ్చట కొడుకు పేరే గాక, వాని ముఖచ్ఛాయను గూడ లోకమునకు చూపిరి. పిదప ఆ ముఖము గల బిడ్డను కనవలసిన భారము పనివారిపై బడెను.

మరుసటి యేటి ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ అధికారి పీటర్ మూర్ వేదికపై నిలిచి, చొక్కాచేయి పైకి మడచి, దండపై పొడిపించుకొన్న హేలో 2 పచ్చబొట్టును చూపి, నవంబరు 9వ తేదీన ఆట విడుదల కాగలదని ప్రకటించెను. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. మాకు మాత్రము ఈ వినోదములో ఒక విషాదము తోచుచున్నది. పచ్చబొట్టు కడిగినను పోవునది కాదు. అట్లే ఆ తేదీయు. పని ఎంత మిగిలినది, ఎందరు ఎన్ని గంటలు శ్రమింపవలెనను విచారముతో తేదీ నిర్ణయింపబడుట ఒక పద్ధతి. తేదీని ముందు నిలిపి, దానికి సరిపడునట్లు మనుష్యులను వంచుట వేరొక పద్ధతి. హేలో 2 రెండవ పద్ధతిని పుట్టినది. చివరి నెలలలో పనివారు రేయింబవళ్లు కార్యాలయమునందే గడపిరి. ఆ దినములు తమను ఎంత క్రుంగదీసినవో వారిలో పలువురు ఆ పిదప బహిరంగముగా చెప్పియున్నారు. నేతపని చేయువాని బ్రతుకును, గని కూలి బ్రతుకును విచారించు మనము, కంప్యూటరు ముందు కూర్చుండువాడు చల్లని గదిలో నున్నాడు గదాయని వాని శ్రమను లెక్కింపకుండుట న్యాయము కాదు.

ఈ తొందర ఫలితము కృతిపై కనబడక మానలేదు. కథ యొక్క తుదిభాగము కత్తిరింపబడెను. వెండితెరపై చూపిన ప్రకటన భూమికి కలిగిన విపత్తును చాటినది. భూమిని రక్షించుటయే కథ యని జనులు నమ్మిరి. తీరా ఆటలో భూమి మొదటి ఘట్టములలో మాత్రమే కనబడి మాయమగును. చివరకు మాస్టర్ చీఫ్ మరల భూమిని సమీపించి, యుద్ధమును ముగింప వచ్చితినని పలుకును. అంతటితో ఆట ఆగిపోవును! ముగింపునకై ఆటగాండ్రు 2007 సెప్టెంబరు 25వ తేదీన వచ్చిన మూడవ భాగము వరకు, అనగా దాదాపు మూడేండ్లు, వేచియుండవలసి వచ్చెను. హరికథకుడు కథ నడిమధ్య పళ్లెము త్రిప్పుట కలదు గాని, మంగళము పాడకయే గజ్జెలు విప్పుట ఎచ్చటను లేదు.

ఇంతకంటె సూక్ష్మమైన హాని యొకటి జరిగినది. దానిని విమర్శకులు తగినంత గుర్తింపలేదని మా యభిప్రాయము. ఈ యాటలో దాదాపు సగము ఘట్టములందు మనము మాస్టర్ చీఫ్‌గా గాక, శత్రుపక్షపు సేనాని యగు ఆర్బిటర్‌గా ఆడవలెను. ఓటమికి దోషిగా నిలువబెట్టబడి, అవమానితుడై, తన మతాధిపతుల మాటలలోని అసత్యమును మెల్లమెల్లగా తెలిసికొనువాడు ఈ ఆర్బిటర్. నిన్నటి దాక మనము గురిపెట్టి చంపిన జాతి కన్నులతో లోకమును చూడుమనుట యుద్ధక్రీడలో సామాన్యమైన సాహసము కాదు. హేలో 2లో ఉత్తమాంశ మిదియే యని మేము తలంచుచున్నాము. కాని ప్రకటనలు ఈ రహస్యమును దాచి, భూమిరక్షణమను వేరొక వస్తువును అమ్మినవి. భూమికై సొమ్ము చెల్లించినవానికి ఆర్బిటర్ ఎదురుపడగానే, ఇది కొత్త దృష్టియని తోచలేదు; తనకు రావలసినది తగ్గినదని తోచెను. తప్పుడు వాగ్దానము చెడ్డ వస్తువును మంచిదిగా చూపుట యందరెరిగినదే. మంచి వస్తువును గూడ మోసముగా కనబడునట్లు చేయుట దాని రెండవ దోషము.

ఇట్లనుటచే ప్రకటనలన్నియు హేయములని మా భావము కాదు. ఈ యాటకై జరిగిన ప్రచారములోనే ఒక యపూర్వమైన యంశమున్నది. 2004 జూలైలో సినిమాహాళ్లలో చూపిన ప్రకటన చివర, ఐ లవ్ బీస్ అను వెబ్‌సైటు చిరునామా రెప్పపాటు కాలము మెరసి మాయమయ్యెను. కొందరికి తేనెసీసాలు అంచెలో వచ్చెను. ఆ వెబ్‌సైటును తెరచిన, తేనెటీగల పెంపకముపై ఒక సామాన్యురాలు నడపుకొనునదియు, ఏదో యంత్రబుద్ధి ప్రవేశించి పాడుచేసినదియునైన పుట కనబడెను. 42 ఎంటర్‌టెయిన్‌మెంట్ అను సంస్థవారు పన్నిన చిక్కుముడి యిది. అందలి అంకెలు అమెరికాలోని వీధి టెలిఫోన్ల తావులనియు, అవి మ్రోగు వేళలనియు జనులే కలిసి ఆలోచించి కనుగొనిరి. ఎవరి యూరిలో నున్న టెలిఫోను కడకు వారు పోయి, మ్రోగగానే ఎత్తి, విన్న కథాఖండమును ఇతరులకు తెలిపిరి. ఆ ఖండములన్నియు కూర్చగా ఒక శ్రవ్యనాటక మేర్పడెను. ఒకరి మొగ మొకరెరుగనివారు, ఒక్కరి వలన కాని పనిని కలిసి సాధించిరి. వస్తువును కొనుమని చెప్పుటకు పుట్టిన ప్రకటన, వస్తువుతో నిమిత్తము లేకయే మనుష్యులకు కొంత ఆనందమును, కొంత నేర్పును ఇచ్చినది. ప్రకటన మనుష్యుని తెలివిని గౌరవించినచో అదియు కళయే కాగలదనుటకు ఇది నిదర్శనము.

ఇక తొలిదినము. నవంబరు 9వ తేదీకి ముందే 15 లక్షల ప్రతులకు జనులు పేర్లు నమోదు చేయించుకొనిరి. అర్ధరాత్రి వేలకొలది దుకాణములు తలుపులు తెరచెను. ఇరువదినాలుగు గంటలలో అమెరికా, కెనడా దేశములందు సుమారు 23 లక్షల 80 వేల ప్రతులు అమ్ముడుపోయినవనియు, వసూలు 12 కోట్ల 50 లక్షల డాలర్లనియు మైక్రోసాఫ్ట్‌వారు ప్రకటించి, సినిమాల తొలిదినపు వసూళ్లతో దానిని పోల్చుకొనిరి. తొలియాట వసూళ్లను వీధివీధిని చర్చించుకొను తెలుగువారికి ఈ భాష చక్కగా తెలియును. కాని యోచింపుడు: ఆ దినమున సొమ్మిచ్చినవారిలో ఆటను అంతకుముందు పూర్తిగా ఆడిన వారెందరు? తొలిదినపు వసూలు ప్రకటనకు కొలతయే గాని కృతికి కొలత కాదు.

కృతికి కొలత యేదియని యడుగుదురేని, మేము 2010వ సంవత్సరమును చూపుదుము. హేలో 2కు నిజమైన దీర్ఘాయువు నిచ్చినది భూమిరక్షణకథ కాదు. ఎక్స్‌బాక్స్ లైవ్ ద్వారా దూరదూరమున నున్నవారు కలిసి ఆడుకొను ఏర్పాటు. అంతకుముందు ఆటగాడు జాబితాలు వెదకి చోటు చూచుకొనవలసి యుండెను. ఇందు అతని నేర్పునకు తగిన జోడును యంత్రమే వెదకి పెట్టెను. స్నేహితులు జట్టుగా చేరి ఒక ఆట నుండి మరియొక ఆటకు కలిసి పోవచ్చును. ఇది తరువాతి ఆటలకు ఒరవడి యయ్యెను. 2010 ఏప్రిల్ 15వ తేదీన మైక్రోసాఫ్ట్‌వారు పాత యంత్రమునకు ఈ సదుపాయమును నిలిపివేసిరి. అప్పటికే లోపల నున్నవారిలో పిడికెడుమంది తమ యంత్రములను ఆర్పలేదు. ఆర్పినచో మరల ప్రవేశము లేదని యెరిగి, మే నెల వరకు అట్లే నిలిచిరి. ఒక్కొక్కరే తొలగిపోగా దీపము కొండెక్కెను. వారినట్లు నిలువుమని ఏ ప్రకటనయు చెప్పలేదు. అందువలన ఎవరికిని ఒక డాలరు రాలేదు. ఆ పిడికెడుమంది ఇచ్చిన తీర్పు, అర్ధరాత్రి బారులు తీరిన లక్షలమంది తీర్పుకంటె మాకు విలువైనదిగా తోచుచున్నది.

ప్రకటన లేనిచో అమ్మకము లేదు, అమ్మకము లేనిచో పనివారికి జీతము లేదని కొందరు వాదింతురు. నిజమే. కాని ఈ కథలో వస్తువునకు ప్రాణము పోసినది పనివారి నేర్పు. దాని యంగము నొకదానిని ఖండించినది ముందుగా చాటిన తేదీ. జీతమిచ్చు ప్రకటనయే పనివాని పనిని పాడుచేసినచో, దానికి హద్దు కోరుట పనివాని మేలు కోరుటయే యగును. ఆ హద్దును వర్తకులు తమంతట తాము గీయరు, కొనువారే గీయవలెను.

అది గృహస్థుల చేతిలోని పని. మన యిండ్లలోని బాలబాలికలు రాబోవు ఆటకై ముందుగా సొమ్ము కట్టుమని అడుగుచున్నారు. వారిని కసరి పంపుటయు, నోరు మెదపక కట్టుటయు రెండును తేలిక పనులే. విడుదలైన నెల దినముల తరువాత, ఆడినవారు ఇంకను ఆడుచున్నారా, కథ ముగిసినదా, చేసినవారు ఏమి చెప్పుచున్నారు అని వారితో కలిసి విచారించుట కొంచెము కష్టము. ఆ నెల దినములలో మంచి ఆట ఎక్కడికిని పోదు; చెడ్డదైనచో సొమ్ము పోదు. అన్నిటికంటె ముఖ్యముగా, కోరికకును తీర్పునకును నడుమ కొంత యెడముండవలెనని బిడ్డ నేర్చుకొనును. ఈ చిన్న యాలస్యమును ప్రతి యింటను అభ్యసింపుడని చదువరులను కోరుచున్నాము.