386 ఫొటోల్లో సముద్రం

ఈసారి సంచికకు విమర్శ రాయమని మా తెలుగు సారు చెప్పినప్పుడు తరగతిలో చాలామంది సినిమాల పేర్లు రాసిచ్చేశారు. ఒకరిద్దరు కథలు తీసుకున్నారు. నాకు ఏదీ తోచలేదు. ఇంటికొచ్చి నాయన ఫోన్ తీసుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాను. అందులో అర్ధ సంవత్సర పరీక్షల సెలవుల్లో మేము మద్రాసు పోయినప్పుడు తీసిన ఫొటోలున్నాయి. (మా ఇంట్లో చెన్నై అని ఎవరూ అనరు, మద్రాసే.) వీటి మీద రాయొచ్చా అని మర్నాడు సారును అడిగాను. "రాయి. అయితే తిట్టిపోయొద్దు. ఏది బాగుంది, ఏది బాగలేదు, ఎందుకు, అది చెప్పాలి" అన్నారు. మా ఇంట్లోవాళ్లు ఇది చదివి కోపం చేసుకుంటే ఆ మాట గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

హోసూరు నుంచి మేము ఏడుగురం పోయాం. అమ్మ, నాయన, నేను, తమ్ముడు, పెద్దనాయన, పెద్దమ్మ, వాళ్ల కూతురు. ఆమె నాకు అక్క, కాలేజీలో చదువుతోంది. అవ్వ రాలేదు. అవ్వకు మోకాళ్ల నొప్పి, రాత్రంతా బస్సులో కూచోలేదు. మేము బయల్దేరేటప్పుడు గడప దగ్గర కూచుని ఒక్కటే మాట చెప్పింది. "నేను సముద్రం చూసిందే లేదు. మీరన్నా బాగా చూసి రాండి. ఫొటో తీసుకురాండి, నేనూ చూస్తా."

రెండు రోజులు తిరిగాం. మూడు ఫోన్లు. అన్నీ కలిపి 386 ఫొటోలు. నేను కూచుని లెక్కపెట్టాను. వాటిలో 349 ఫొటోల్లో మాలో ఎవరో ఒకరు ఉన్నారు. మిగిలిన 37లో సగం అన్నం ప్లేట్లు, కొన్ని మసక, రెండు మెట్రో టిక్కెట్లు, ఒకటి పెద్దనాయన బొటనవేలు.

ఆ 349 ఫొటోలదీ ఒకటే పద్ధతి. ముందర మనిషి, వెనకాల ఊరు. మనిషి నడుమ దాకా ఉంటాడు, ఊరు చెవుల పక్కన కొంచెం కనబడుతుంది. సెంట్రల్ స్టేషన్ 1873 నాటి కట్టడం, ఎర్రగా, గడియారం గోపురంతో ఎంత బాగుంటుందో. మా ఫొటోలో గడియారం లేదు, అమ్మ కొప్పు ఉంది. మెరీనా లైట్‌హౌస్ ఎర్ర తెల్ల పట్టీలతో సరిగ్గా పెద్దనాయన నడినెత్తి మీంచి మొలిచినట్టుంది. దాన్ని చూసి మేము ఇప్పటికీ నవ్వుతుంటాం కాబట్టి ఆ ఫొటోను నేనేమీ అనను.

కానీ మెరీనాలోనే కార్మికుల విగ్రహం ఉంది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన కంచు విగ్రహం, 1959లో అక్కడ నిలబెట్టారు. నలుగురు మనుషులు ఒక పెద్ద బండను కదిలిస్తుంటారు. పక్కన నిలబడి చూస్తే ఆ నలుగురిలో ప్రతి ఒక్కడి వీపూ, కాళ్లూ వేరే వేరేగా బిగుసుకుని ఉంటాయి. ఒకడి బలం చాలక ఇంకొకడు కలిసినట్టు తెలుస్తుంది. మా ఫొటోలో ఇద్దరే ఉన్నారు. మిగతా ఇద్దరి చోట పెద్దమ్మ, అక్క నిలబడి నవ్వుతున్నారు. ఇద్దరే మోస్తే ఆ బండ కదలదు. ఆ విగ్రహం అర్థమే పోయింది. దాన్ని తొమ్మిదిసార్లు తీశాం, తొమ్మిదిసార్లూ ఎవరో ఒకరు అడ్డం.

ఎగ్మూరు మ్యూజియంలో జరిగింది ఇంకా పెద్ద తప్పు. అది చేసింది నేనే కాబట్టి దాపరికం లేకుండా రాస్తాను. 1851లో మొదలైన మ్యూజియం అది. అక్కడ అమరావతి స్తూపం నుంచి తెచ్చిన రాళ్లున్నాయి. మన గుంటూరు వైపు అమరావతే. పాఠంలో చదివినవి కళ్ల ముందర కనబడేసరికి నాకు కాళ్లు కదల్లేదు. ఒక గుండ్రని రాయి మీద నాలాగిరి ఏనుగు కథ ఉంది. బుద్ధుడి మీదికి మదమెక్కిన ఏనుగును తోలుతారు, అది ఆయన దగ్గరికొచ్చి శాంతిస్తుంది. ఆ శిల్పి ఏం చేశాడంటే, ఒకే రాయిలో ఒకే ఏనుగును రెండుసార్లు చెక్కాడు. ఒక పక్క వీధిలో జనాన్ని తరుముతోంది, ఇంకో పక్క మోకాళ్ల మీద వంగింది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, చూసినవాళ్లకెలా ఉంది, అంతా ఒక పళ్లెమంత గుండ్రంలో పెట్టినట్టుంది. నేనేమో తమ్ముణ్ణి "అక్కడ నిలబడరా" అన్నాను. వాడు రెండు వేళ్లు చూపిస్తూ నిలబడ్డాడు. వంగిన ఏనుగు వాడి చొక్కా వెనకాల పోయింది. కాబట్టి మా ఫొటోలో ఏనుగు తరుముతూనే ఉంది, శాంతించడం లేదు.

మనిషి ముందర నిలబడడం ఎప్పుడూ తప్పే అని నేను అనను. ఒక్కటి మినహాయింపు. మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. ఆయన 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇల్లు అదే. ఆ తర్వాత ఏడాదికి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మా హోసూరు ఈ పక్కనే ఉండిపోయింది. మద్రాసులో ఎక్కడికి పోవాలని అమ్మ అడిగితే నాయన చెప్పిన ఒకే ఒక్క చోటు ఇది. ఆ ఫొటోలో నాయన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, నవ్వకుండా నిలబడి ఉన్నాడు. వెనకాల గోడ తప్ప పెద్దగా ఏమీ కనబడదు. అయినా అది మంచి ఫొటో. అక్కడ చూడాల్సింది గోడ కాదు, నాయన ముఖమే. మిగతా ఫొటోల్లో మేము ఎక్కడున్నా ముఖాలు ఒక్కటే. ఇందులో మాత్రం ఆయన ఎక్కడున్నాడో ఆయన ముఖం చెబుతోంది.

ఇక పంపడం గురించి. తిరుగు బస్సులో ముగ్గురూ తమ తమ ఫోన్లలో ఉన్నవన్నీ చుట్టాల వాట్సాప్ గ్రూపులో పోసేశారు. పోసేశారు అనే అంటాను, ఏరింది లేదు. ముందు దోసె, తర్వాత సముద్రం, తర్వాత పొద్దున బస్సు దిగడం, మళ్లీ దోసె. ఒకే ఫొటో మూడు ఫోన్ల నుంచి మూడుసార్లు. చుట్టాలు బొటనవేళ్లు పెట్టారు. ఒక మామ "దోసె ఎంత?" అని అడిగాడు. పెద్దమ్మ మాత్రం అక్క బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫొటో కూడా పంపింది. అక్క లేచి చూసుకుని తీసేయమంది. తీసేశారు. అయితే అప్పటికే మా చుట్టాల పిల్లవాడొకడు దాన్ని స్టిక్కర్ చేసేశాడు. ఇప్పుడు ఎవరైనా "గుడ్ నైట్" చెప్పాలంటే అక్క ముఖం వస్తుంది. అందరూ నవ్వుతారు. అక్క గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఆమెను అడిగి పంపుంటే పోయేదేముంది?

ఇంటికొచ్చిన సాయంత్రం అవ్వ పక్కన కూచుని నేను ఫొటోలు చూపించాను. అవ్వ కళ్లద్దాలు పెట్టుకుంది. ఫోన్ దూరంగా పట్టుకుంది. మెరీనావి 41 ఫొటోలు. నేను వేలితో జరుపుతుంటే అవ్వ పేర్లు చెబుతూ వచ్చింది. "ఇది మీ అమ్మ. ఇది పెద్దోడు. ఇది నువ్వు, ఎండకు నల్లబడినావు." పది పదిహేను అయ్యాక ఆగింది.

"మిమ్మల్ని నేను దినామూ చూస్తానే ఉంటా. ఇందులో సముద్రం యాడుందే పాపా?"

నేను చూపించాను. నాయన భుజం మీద నీలంగా ఒక గీత. అమ్మ చెవి పక్కన తెల్లగా కొంచెం నురుగు. "ఇదే అవ్వా" అన్నాను. "ఇంతేనా?" అంది. 41 ఫొటోలూ వెతికాను. మనిషి లేకుండా సముద్రం మాత్రమే ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. గడప దగ్గర అవ్వ చెప్పిన మాట ఏడుగురమూ విన్నాం. అక్కడికి పోయాక ఒక్కరికీ గుర్తు రాలేదు.

అప్పుడు తమ్ముడు అమ్మ ఫోన్ తెచ్చాడు. అందులో వాడు పొరపాటున తీసిన వీడియో ఒకటుంది. ఫొటో అనుకుని వీడియో నొక్కి ఫోన్ కిందికి పట్టుకున్నాడు. 14 సెకన్లు. ఎవరి ముఖమూ లేదు. తడి ఇసుక, వాడి కాళ్లు, ఒక జత చెప్పులు. నీళ్లు వస్తాయి, పాదాలు మునుగుతాయి, వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంది, ఒక చెప్పు తేలుకుంటూ పోతుంది. గాలి గుయ్యిమంటుంది. ఎక్కడో అమ్మ గొంతు, "లోపలికి పోవద్దురా" అని. దీన్ని పనికిరానిదని ఎవరూ గ్రూపులో పెట్టలేదు.

అవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి వినింది. తర్వాత కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "మళ్లా పెట్టు" అంది. ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. "ఇసుకను కూడా లాక్కుపోతుందా?" అని అడిగింది. "కాళ్ల కింద జారితే భయం కాలేదా నీకు?" అని తమ్ముణ్ణి అడిగింది. 386 ఫొటోలు చూసి అడగని ప్రశ్నలు ఆ 14 సెకన్లకు అడిగింది.

విమర్శ కాబట్టి నా తీర్పు చెబుతున్నాను. మా మద్రాసు ప్రయాణంలో తీసినవాటిలో గొప్పది ఈ వీడియోనే. వణుకుతుంది, వంకరగా ఉంది, నిజమే. కానీ తీసినవాడు దాన్ని ఎవరికోసమూ సర్దలేదు. సముద్రం తన పని తాను చేసుకుంటోంది, చూసేవాళ్ల కాళ్లు వాడి కాళ్ల చోటికి పోతాయి. అవ్వ మంచం మీద కూచునే కాళ్లు పైకి తీసుకుంది, నేను చూశాను.

ఇది రాసి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ ఒప్పుకోలేదు. "విగ్రహం ఫొటో, స్టేషన్ ఫొటో యాడైనా దొరుకుతాయి. పెద్దమ్మ ఆ దినం అట్ల నవ్వింది మళ్లీ దొరుకుతుందా?" అంది. గోడ మీది ఫొటో చూపించింది. అవ్వ, తాత పెండ్లయిన కొత్తలో హోసూరులో స్టూడియోలో తీయించుకున్నది. వెనకాల తెర మీద గీసిన తోట, మెట్లు. అది ఏ ఊరి తోట అని మేమెప్పుడూ అడగలేదు. తాత ముఖమే చూస్తాం, ఎందుకంటే తాత ఇప్పుడు లేడు. నేను మాట్లాడలేకపోయాను. అయితే ఒకటి మాత్రం చెప్పాను. స్టూడియోలో వాళ్లు తీయించుకున్నది ఒక్క ఫొటో, దానికోసం అవ్వ కొత్త చీర కట్టుకుంది. మనం ఒక విగ్రహం దగ్గరే తొమ్మిది తీశాం, అందులో పెద్దమ్మ నిజంగా నవ్వింది ఏది అని అడిగాను. అమ్మ కూచుని తొమ్మిదీ చూసింది. ఇంకా ఏరుతూనే ఉంది.

మొన్న ఆదివారం ఫోన్లో చోటు చాలడం లేదని అమ్మ ఫొటోలు తీసేస్తుంటే, అవ్వ మంచం మీంచే కేకేసింది. "ఏమ్మా, ఆ చెప్పు పోయేది మాత్రం తీసేయొద్దు!"