పాటకా, పౌరసత్వానికా? - ‘అరబ్ ఐడల్’ పోటీలో ఓటు, మాండలికం, జాతి భావన

ఉపోద్ఘాతం:

అరబ్ లీగ్‌లోని 22 దేశాలకు లిఖిత భాష ఉమ్మడిగా ఉన్నా వాడుక భాషలు వేరు. అక్కడి జనప్రియ గీతాలు ఎక్కువగా వాడుక భాషలోనే వెలువడతాయి. ఉమ్ కుల్సూమ్ నెలనెలా మొదటి గురువారం చేసిన కచేరీలను కైరో రేడియో ప్రసారం చేయడంతో ఈజిప్టు మాండలికం ఇతర దేశాల శ్రోతలకూ పరిచితమైంది. ఉపగ్రహ టెలివిజన్ పాటల పోటీలు ఆ శ్రోతను ఓటరుగా మార్చాయి. ఈ మార్పు పాటకు విలువ కట్టే తీరుపై చూపిన ప్రభావాన్ని ప్రధానంగా 2013 నాటి ‘అరబ్ ఐడల్’ ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఓటు - జాతీయత:

బ్రిటన్ ‘పాప్ ఐడల్’ నమూనాలో లెబనాన్‌కు చెందిన ఫ్యూచర్ టీవీ 2003లో ‘సూపర్ స్టార్’ను ప్రసారం చేసింది. లెబనాన్ గాయకుడు మెల్హెమ్ జైన్ తుది పోరుకు చేరకుండానే నిష్క్రమించినప్పుడు ప్రేక్షకులలో అలజడి చెలరేగింది. జోర్డాన్ గాయని డయానా కరజోన్ విజేతగా నిలిచింది. గాత్రం గురించి జరగవలసిన వాదన దేశాల గురించిన వాదనగా మారింది. ఈ ఓటింగును ప్రజాస్వామ్యంతో పోల్చినవారున్నారు. ఆ పోలిక కొంతవరకే నిలుస్తుంది. ఎన్నికలలో ఒక వ్యక్తికి ఒకే ఓటు. ఇక్కడ రుసుము చెల్లించి ఒకరే పలుమార్లు ఓటు వేయవచ్చు.

అసాఫ్ విజయం:

2013 తుది పోరులో ఈజిప్టుకు చెందిన అహ్మద్ గమాల్, సిరియాకు చెందిన ఫరా యూసుఫ్, గాజాలోని ఖాన్ యూనిస్ శరణార్థి శిబిరంలో పెరిగిన మహమ్మద్ అసాఫ్ తలపడ్డారు. జనాభాయే గెలుపును నిర్ణయించేదైతే ఈజిప్టు గాయకుడు గెలవాలి. గెలిచినవాడు అసాఫ్. గాజా సరిహద్దు దాటి కైరోలో ఎంపిక పోటీకి చేరడానికి అతడు పడిన పాట్లు విస్తృతంగా ప్రచారమయ్యాయి. అయినా ఈ విజయాన్ని కేవలం సానుభూతికి ఆపాదించడం సరికాదు. అతడు పలస్తీనా గీతాలతో పాటు ఇతర అరబ్బు మాండలికాల పాటలనూ సమర్థంగా ఆలపించాడు. సొంత నేల పాట అతడి ఉనికిని చాటితే, ఇతరుల మాండలికంలోని పాట ఆ ఉనికిని సరిహద్దుల అవతలి శ్రోతకు చేరువ చేసింది.

‘అరబ్’ అనే మాట పరిధి:

అదే పోటీలో ఇరాక్‌కు చెందిన కుర్దు గాయని పర్వాస్ హుస్సేన్ కుర్దు భాషలోనూ పాడింది. కుర్దు అరబ్బీకి మాండలికం కాదు. ఇరానీ శాఖకు చెందిన వేరే భాష. మాండలిక భేదాలను ఇముడ్చుకోగలిగిన వేదికకు భాషా భేదం కొత్త ప్రశ్నగా ఎదురైంది. అరబ్బు దేశంలో నివసించే గాయని అరబ్బేతర భాషలో పాడినప్పుడు పోటీ పేరులోని ‘అరబ్’ ప్రాంతాన్ని సూచిస్తుందా, జాతినా, భాషనా అన్నది తేలలేదు.

ముగింపు:

ఓటు సంఖ్యను చెబుతుంది, కారణాన్ని చెప్పదు. అందువల్ల విజేతను ఉత్తమ గాయకుడిగా ప్రకటించడం తొందరపాటు అవుతుంది. వ్యాపార వినోదమని పోటీనే తోసిపుచ్చడమూ అంతే. ఏ గాయకుడు ఏ దశలో ఏ మాండలికాన్ని ఎంచుకున్నాడు, ఆ ఎంపిక ఎవరిని ఉద్దేశించింది అన్న కోణంలో పాటల క్రమాన్ని విశ్లేషిస్తే, ఓట్ల లెక్కలో కనిపించని శ్రోతల సంబంధాలు స్పష్టమవుతాయి.